చెడు మాటకి కుర్చీ వేసిన మాస్టారు

మా మేడ మీద వాటాలో అద్దెకుండే మాస్టారు పోయారని, గుంటూరు ఆసుపత్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి, పొంగుతాయేమోనని కాపలా కాస్తున్నాను. ఆ మాట విన్నాక పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా నాకు తెలియలేదు. గుండె ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు, లేచి కూర్చున్నారన్నారు. తెల్లారేసరికి మనిషి లేరు.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అంత చదువుకున్న మనిషి గురించి ఏం రాస్తాను, ఎక్కడ తప్పు రాస్తానోనని భయంగానే ఉంది. కానీ ఆయన నాకూ మాస్టారే.

నరసరావుపేటలో ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పేవారు. మనం వాడే వస్తువు ఎట్లా ఉంటే చేతికి సుఖంగా ఉంటుందో చెప్పే చదువట, ప్రొడక్ట్ డిజైన్ అంటారు. ఒకసారి ఆయన విద్యార్థులు కూరగాయలు తరిగే పెట్టె చేసి తెచ్చి నా చేతికిచ్చారు. ఎండన పడి వచ్చిన పిల్లలు కదా, "బాగుంది నాయనా" అన్నాను. మాస్టారు నా ముఖం వంక చూడలేదు. నా వేళ్లు చూస్తున్నారు. పిడి దగ్గర బొటనవేలు జారిపోతోంది.

"ముఖం మర్యాదకి నవ్వుతుంది. చేతికి మర్యాద తెలియదు. మీరు దాన్నే చూడండి" అని వాళ్లకి చెప్పారు.

ఆదివారాలు కాలేజీ తరఫునే, ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునే పెద్దవాళ్లకి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు నడిపేవారు. ఒక పని తలపెడితే దాన్ని చివరిదాకా ఎట్లా తీసుకుపోవాలో అందులో నేర్పుతారు. మా ఇల్లు బస్టాండుకి దగ్గరని మా ముందు హాల్లోనే క్లాసు పెట్టుకున్నారు.

నాకు భయం ఎక్కువని మా వీధంతా ఎరుగుదురు. ఎవరు ఊరికి బయల్దేరినా బండి టైరు చూసుకున్నావా, దారిలో వానొస్తే ఎట్లా అంటాను. "శుభమా అని పోతుంటే ఆ మాటలేంది అత్తయ్యా? తథాస్తు దేవతలుంటారు" అని కోడలు విసుక్కునేది. ఇంట్లో పెళ్లిమాటలు జరిగితే నన్ను వంటింట్లోనే ఉంచేవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు.

ఒక ఆదివారం, పిడుగురాళ్లలో లారీల మెకానిక్ షెడ్డున్న మస్తాన్, హైవే పక్కన ఇంకా పెద్ద షెడ్డు వేస్తానని బోర్డు మీద ప్లాను గీశాడు. మాస్టారు అంతా విని, "సరే, ఏడాది గడిచింది, ఈ షెడ్డు మూతపడింది అనుకోండి. ఎందుకు మూతపడిందో తలా ఒకటి చెప్పండి, ఇప్పుడే సరిచేసుకోవచ్చు" అన్నారు.

రెంటచింతల నుంచి వచ్చే నర్సు మరియమ్మ మెడలో సిలువ పట్టుకుని తల దించుకుంది. మస్తాన్ అయితే, "మార్కులు తీసేయండి సార్, ఆ మాట మాత్రం నా నోటితో అనిపించొద్దు" అన్నాడు.

మజ్జిగ గ్లాసులతో వచ్చిన నన్ను మాస్టారు ఆపారు. "పిన్నిగారూ, దీని మీద మీకేమన్నా భయముందా?"

నాకు లేకపోవడమా. గాలికి రేకులు లేస్తాయేమోనన్నాను, కరెంటు పోతుందేమోనన్నాను, తోచినవన్నీ అన్నాను. చివరికి, "నీకు జొరమొచ్చి పడుకుంటే షెడ్డు తాళం ఎవురు తీస్తారు నాయనా?" అని అడిగాను. మస్తాన్ ప్లానుని మళ్లీ పైనుంచి చూసుకున్నాడు. పాపం, అన్నీ తన మీదే పెట్టుకున్నాడు.

మరుసటి వారం నుంచి తలుపు పక్కన నాకొక కుర్చీ ఉండేది. గాలి తగలాలని మాస్టారే దాన్ని కిటికీ వైపు కాస్త తిప్పి పెట్టేవారు. నా భయాల్లో చాలావరకు ఊకేనని ఆయనకీ తెలుసు. అయినా గింజ దొరుకుతుందేమోనని చెరిగి చూసేవారు. "భయం చెడ్డది కాదు పిన్నిగారూ, దిక్కులేకుండా తిరిగితేనే చెడ్డది. ఎవరు చూసుకోవాలో, ఎప్పటికి చూసుకోవాలో చెప్పి దాన్ని ఒకరికి అప్పజెప్పండి" అనేవారు. ఇంట్లోనూ అట్లాగే చేశాను. గ్యాసు కట్టేయడం కోడలికి, వీధి తలుపు మా అబ్బాయికి అప్పజెప్పాను. అప్పటినుంచి నాకు కాస్త నిద్ర పట్టింది.

ఆపరేషన్‌కి బయల్దేరిన రోజు ఆయన మెట్ల దగ్గర ఆగారు. "ఏంది పిన్నిగారూ, నా గురించి ఒక్క భయమూ చెప్పలేదు?"

కోడలు కళ్లతోనే వద్దంటోంది. ఆయన సంచి కింద పెట్టి నిలబడ్డారు. కోర్సు ఇంకా సగంలోనే ఉంది. అడిగేశాను.

"మీరు రాలేకపోతే ఆదివారం వీళ్లకి ఎవురు చెప్తారు మాస్టారూ?"

ఆయన ముఖం తేటపడింది. "నాకూ అదే బెంగ. అడిగినవాళ్లే లేరు" అని అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోన్లు చేశారు. మిగిలిన పాఠాలు మరియమ్మకీ మస్తాన్‌కీ పంచారు. తన దగ్గరుండే హాలు తాళంచెవి మస్తాన్‌కిమ్మని నా చేతిలో పెట్టారు.

ఆయన పోయాక ఆ మాటే నన్ను తినేసింది. పైనున్న దేవతలు తథాస్తు అన్నారేమో. నేను అడక్కుండా ఉంటే తిరిగొచ్చేవారేమో. కోడలు ఒక్కమాట అనలేదు. అందుకు ఇంకా భయమేసింది.

ఆదివారం వచ్చింది. మస్తాన్ హాలు తాళం తీసిన చప్పుడు వినపడింది. నేను వంటింట్లోంచి కదల్లేదు. కోడలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రండి అత్తయ్యా, మీకోసం చూస్తన్నారు. ఆ రోజు మీరు అడగబట్టేగా ఇయ్యాల ఆ తలుపు తెరుచుకుంది."

వెళ్లాను. బోర్డు ముందు మరియమ్మ నిలబడి ఉంది. అందరూ వచ్చారు. తలుపు పక్కన నా కుర్చీ వేసి ఉంది. ఎవరు తిప్పారో, కిటికీ వైపు కాస్త తిరిగి ఉంది.