పొంగని ఉప్పు

ఇంటరు చదివే మా మనవరాలు నిన్న కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ నుంచి వచ్చి, ఇచ్చిన ఉప్పు ఏదో కనిపెట్టలేక రెండు మార్కులు పోయాయని మొహం వేలాడేసుకుని కూర్చుంది. తెల్లనివన్నీ పాలనుకునే వయసు. రెండు మార్కులేగా అని ఊరడించాను గాని, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

దొరల కాలంలో, మార్కాపురంలో ఓ చిన్న దవాఖానాలో మందుల పొట్లాలు కట్టే పని నాది. చూపుకి తేడా తెలియని ఉప్పులు రెండుండేవి అక్కడ: ఒకటి కడుపు కడగడానికి ఇచ్చే భేదుప్పు, రెండోది దుప్పట్ల మీద ఇనప మరకలు పోవడానికి చాకలి మామకిచ్చే మరకలుప్పు. ఆ రెండోది తాగితే ప్రాణం పోతుంది. అందుకే నాకు పని నేర్పిన కాంపౌండరు చిన్నాయన, కట్టేముందు చిటికెడు తీసి నీళ్లలో వేసి వంటసోడా కలిపి చూడమనేవారు. బుసబుసా పొంగితే మరకలుప్పు, గమ్మునుంటే భేదుప్పు. నేను ఏనాడూ తప్పలేదు, ఆ గర్వం కాస్త ఉండేది కూడా.

మా వైపు ఉప్పు చేతికి అందుకోరు, అందుకుంటే ఇద్దరికీ పోట్లాట వస్తుందని. మందైనా సరే, పేరులో ఉప్పుందంటే కిటికీ గట్టు మీద పెట్టమనేవాళ్లు. ఓ రోజు తర్లుపాడు నుంచి మా మేనత్త కడుపుబ్బరమని వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. పొట్లం అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చేతికియ్యొద్దు కోడలా, నీతో పోట్లాడి నేనేడికి పోయేది?"

గట్టు మీద పెట్టాను. చాకలి మామ కోసం కట్టిన పొట్లం అప్పటికే అక్కడుంది, రెండింటికీ ఒకటే రకం కాగితం. లోపల ఎవరో పిలిస్తే వెళ్లి వచ్చేసరికి అత్త లేదు, పొట్లం ఒక్కటే మిగిలింది.

అందులోంచి చిటికెడు తీసి నీళ్లలో వేసి సోడా కలిపాను. అన్నాళ్లూ పొంగకపోతే ప్రాణం కుదుటపడేది, ఆ రోజు మాత్రం పొంగమని దేవుణ్ణి వేడుకున్నాను. పొంగలేదు. భేదుప్పు నా దగ్గరే ఉండిపోయింది, అత్త రెండోది తీసుకుపోయింది.

విరుగుడుగా సున్నపు తేట సీసా పట్టుకుని పరుగెత్తాను. ఊరి చివర మా చిన్నమ్మ ఇంట్లో ఆగి అప్పటికే కలుపుకుని తాగేసిందట. పుల్లగా ఉందేందని తనే అందట, చూసుకుని తాగమని చిన్నమ్మ చెబితే, నా కోడలు ఇచ్చినాక ఇంక చూసేదేంది అన్నదట. పొద్దుగూకకముందే పోయింది.

నాకు ఏడుపు రాలేదు. మూడోనాడు పనికి పోయి మళ్లీ పొట్లాలు కట్టాను. గుండె రాయి చేసుకుందన్నారు గాని, అంత పని నేనేమీ చేయలేదు, అది మొద్దుబారింది, అంతే. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు మందులన్నీ పేర్లు అచ్చేసిన కాగితాల్లోనే వస్తున్నాయి. దుకాణంలో ఉప్పు సంచి చేతికే ఇస్తారు, ఎవరికీ పట్టింపు లేదు. ఇవాళ పప్పులో ఉప్పు చాల్లేదని మనవరాలు చెయ్యి చాపితే, కంచం అంచున వేయబోయి ఆగి, అరచేతిలోనే వేశాను. పోట్లాట రాదా అవ్వా అని నవ్వింది.

రానీ అన్నాను. పోట్లాడటానికి మనిషంటూ మిగలాలి గదా.