రేపల్లె మైకుకి ఫారిన్ గొంతు

ఆ రోజుల్లో మాకు మైకంటే మైకే. పలికితే చాలు. పెళ్లిలో పలికేదీ, చావు కబురు చెప్పేదీ, ఆదివారం మా చర్చిలో పలికేదీ అన్నీ హలో బాబాయి మైకే. (ఈయన రేపల్లెలో మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన. రోజంతా "హలో హలో" అంటూనే ఉంటాడు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. అసలు పేరు పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగేవాడు కాదు.) ఆ మైకులో ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలో తలపెట్టి మాట్లాడినట్టుండేది. అయినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు, అనుకోవాలని కూడా తెలియదు. తెలిసింది నా ఒక్కడికే. తెలిసినవాణ్ణి నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ మధ్యాహ్నం బాపట్లలో షామియానా కింద నిలబడ్డప్పుడు మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నేనప్పుడు తెనాలిలో ఒక రేడియో రిపేరు షాపులో పని నేర్చుకుంటున్నాను. పొద్దున్నే రేపల్లెలో పాసింజరెక్కడం, సాయంత్రం మళ్లీ పాసింజరులో దిగడం. ఒకరోజు మద్రాసు నుంచి కచేరీకొచ్చిన పాటగాడి మైకు వైరు తెగిందని మా షాపుకి తెచ్చారు. ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో పడుకోబెట్టి ఉంది. ఫారిన్‌ది. మా గురువుగారు వైరు అతికించి "ఒకసారి చూడరా" అన్నారు. నేను "హలో" అన్నాను. అంతే, నా ఒళ్లు జలదరించింది! ఆ హలో నాది కాదు. ఎవరో కలిగినింటి బిడ్డ, కడుపునిండా తిని, వెన్నపూస మింగి అన్నట్టుంది. ఆ క్షణం నుంచీ హలో బాబాయి మైకంటే నాకు కంపరం పుట్టింది. అట్లాంటి మైకు కొనే తాహతు మా వంశంలో ఎవరికీ లేదు కాబట్టి, ఉన్నదాన్నే అట్లా పలికించాలని తీర్మానించుకున్నాను. ఎలక్ట్రానిక్సులో నాకప్పటికి తెలిసిందల్లా సాల్డరింగు పెట్టడం, చెయ్యి కాల్చుకోవడం.

ఇది వట్టి సరదా అయితే గొడవే లేదు. మా అక్క సంగతి దీనికి ముడిపడింది. అక్క టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఏళ్లుగా ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అంటే అమ్మతో కలిసి నాట్లకీ కలుపులకీ పోతూ ఉందని. బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టలు స్కూల్లో పాటల టీచరు కావాలని తెలిసి వెళ్లి అడిగితే, అక్కడి పెద్ద టీచరమ్మగారు ఒకటే మాట చెప్పారట. "మా సువార్త సభల్లో మధ్యాహ్నం ఒక పాట పాడమ్మా, వింటాను. కోరస్సొద్దు, పక్కన తోడొద్దు. ఒంటిగా పాడాలి. రేపు క్లాసులో నీ వెనక ఎవరూ ఉండరు కదా." అక్క ఇంటికొచ్చి, "ఒరేయ్ తమ్ముడూ, ఇదీ పోతే ఇంక నా సర్టిఫికెట్టు ట్రంకు పెట్టె అడుక్కి పోద్ది, నేను బురదలోకి పోతాను" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లు నవ్వలేదు. ఆ కళ్లు చూసి నేను, "నీకెందుకక్కా, మద్రాసు మైకులో పాడినట్టు పలికిస్తాగా" అని మాటిచ్చేశాను.

ఇక్కడ మీకు మా సంగతొకటి చెప్పాలి. మా చర్చిలో పాట అందించడం అని ఒకటుంది. పుస్తకం చదవగలిగినవాళ్లు తక్కువ కాబట్టి ఒకరు ముందు చరణం మాటలు గబగబా అంటే, అందరూ దాన్ని అందుకుని రాగం తీస్తారు. ఆ అందించేది మా అమ్మ. ఆవిడకీ చదువు రాదు, కానీ పాటల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చు. చేలో నాట్లప్పుడూ అంతే, చర్చిలోనూ అంతే, ఇంట్లో అక్క గిన్నెలు తోముతూ పాడుకున్నా అంతే, అమ్మ పక్కనుంచి మాట అందిస్తూనే ఉంటుంది. అక్క పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ అందించకుండా ఒక్క పాట పాడలేదు. మాకెవరికీ అదొక శబ్దంగా లెక్కే కాదు.

సరే, హలో బాబాయి కాళ్లావేళ్లా పడి మైకు తెచ్చుకున్నాను. "పాడు చేశావో, తోలు తీస్తాను" అన్నాడు. విప్పాను. జల్లెడ మూత లోపల పొడిపొడిగా రాలుతున్న స్పాంజి తీసేసి, అమ్మ పాత వాయిలు చీర ముక్క మడతలేసి పెట్టాను. సకారాలు పాములా బుసకొట్టడం తగ్గింది. హుషారొచ్చింది. ఇంకా లోపలికి చూస్తే, పలికే బిళ్ల వెనక చుట్టూ చిన్న చిన్న రంధ్రాలున్నాయి. ఫారిన్ మైకుకి అట్లాంటివి చూసిన గుర్తు లేదు. (ఉంటాయి. మూత కింద దాక్కుని ఉంటాయి. నేను మూత విప్పితేగా!) ఓహో, ఇదన్నమాట సంగతి, ముందునుంచి పోయిన గొంతంతా వెనకనుంచి కారిపోతోంది, అడుగు చిల్లిపడ్డ బిందెలాగా అనుకున్నాను. మా ఇంట్లో బిందెకి చిల్లిపడితే అమ్మ మైనం పెట్టి మూస్తుంది. నేనూ క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తి కరిగించి ఒక్క రంధ్రం వదలకుండా మూసేశాను. ఆ రంధ్రాలున్నది మైకుకి వెనకవైపు మోత వినపడకుండా చేయడానికని, అవి మూస్తే మైకుకి నాలుగు వైపులా చెవులొస్తాయని నాకప్పుడు చెప్పినవాడు లేడు.

షాపులో పెట్టి "హలో" అన్నాను. వెన్నపూస! అచ్చంగా కాకపోయినా వెన్నపూసకి చుట్టం. గురువుగారు కూడా తలెత్తి, "బాగానే ఉందిరా! కానీ రోడ్డు మీద బస్సు హారను ఇంత గట్టిగా వస్తోందేంటి లోపలికి?" అన్నారు. "ఫారిన్ పద్ధతి అంతేనండి, అన్నీ క్లియర్‌గా వినపడతాయండి" అన్నాను. ఆయన మళ్లీ పనిలో పడ్డారు.

సభల రోజు రేపల్లె నుంచి తెనాలి, తెనాలి నుంచి బాపట్ల, రైళ్లు మారుకుంటూ పోయాం. మైకు నా ఒళ్లో, అన్నం క్యారేజీ అమ్మ ఒళ్లో. అక్క కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. చీరాల వైపు నుంచి వచ్చే బళ్లు పక్కనుంచి ధడధడమని పోతుంటే ఉలిక్కిపడేది. "అమ్మా, ఇవాళ అందించొద్దు. నీకు దణ్ణం పెడతా" అంది. "నేనెందుకు అందిస్తానే? నాకేం పని!" అని అమ్మ విసుక్కుంది. విసుక్కున్నావిడ అక్కడికెళ్లాక స్టేజీ వెనక పరదాని ఆనుకుని, అక్కకి అందరికన్నా దగ్గరగా, పట్టా మీద చతికిలబడింది.

ఆ సభలకీ మైకుసెట్టు హలో బాబాయిదే. ముందే వచ్చి స్తంభాలకి లౌడ్‌స్పీకరు హారన్లు కట్టాడు. నా మైకు తగిలించి "హలో" అని, ఆగిపోయాడు. మళ్లీ "హలో" అన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఇది నా గొంతేనా? ఇన్నేళ్లూ నేనిట్టా ఉన్నానా?" అని మురిసిపోయి, ఇంక ఆపితే ఒట్టు. ఆ ఉత్సాహంలో వాల్యూము కాస్త పెంచాడో లేదో మైకు కూత పెట్టింది, చెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. తగ్గించి, నుదురు తుడుచుకుని, "ఇంత సొంపుగా పలికేదానికి ఈ కూత రోగమేంట్రా? ఎప్పుడూ లేదే!" అన్నాడు. విప్పి చూద్దామంటే టైము లేదు. పెద్ద టీచరమ్మగారు ముందు వరసలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

అక్క వచ్చి నిలబడి పల్లవి ఎత్తుకుంది. అబ్బ! ఏం చెప్పమంటారు! పిల్లల్ని ఆడించేవాళ్లు కూడా తలెత్తారు. నేను హలో బాబాయి పక్కన నిలబడి, పాడుతున్నది నేనే అన్నట్టు ఛాతీ విరుచుకున్నాను. పల్లవి అయిపోయింది. అక్క ఊపిరి పీల్చుకుంది. ఆ సందులో, నాలుగు హారన్లలోంచీ, ఇంకో ఆడగొంతు గంభీరంగా, గబగబా, మొదటి చరణం మాటలు చదివి పెట్టింది.

జనం అటూ ఇటూ చూశారు. టీచరమ్మగారి కనుబొమ్మలు పైకి లేచాయి. ఒంటిగా పాడాలన్న ఒకే ఒక్క షరతు నా మైనం ముద్దతో గంగలో కలిసిపోయింది. అక్క తడబడి ఆ చరణం ఎలాగో పాడింది. ఇక అమ్మ సంగతి వినండి. ఆవిడ జన్మలో మైకు ముందు నిలబడలేదు, తన గొంతు హారనులో ఎట్లా ఉంటుందో ఆవిడకేం తెలుసు? తనకి పోటీగా ఇంకెవరో అందిస్తున్నారనుకుంది! పాటలో పక్కవాళ్లు వేలు పెడితే అమ్మకి ఒళ్లు మండుద్ది. రెండో చరణానికి ఇంకా గట్టిగా అందించింది. హారన్లలో ఆవిడ కూడా ఇంకా గట్టిగా అందించింది. అమ్మ ఇంకా పెంచింది. "ఎవరే అదీ?" అని మధ్యలో ఒక గద్దింపు కూడా బాపట్ల అంతా వినపడింది.

జనంలో నవ్వులు మొదలయ్యాయి. బాబాయి చెయ్యి వాల్యూము మీదికి పోయింది. "తగ్గించకు బాబాయ్, అక్క గొంతు కూడా పోద్ది" అని నేను చెయ్యి పట్టుకున్నాను. "వదలరా, పరువు పోతోంది" అని ఆయన. ఈ పెనుగులాటలో మైకు మళ్లీ కూత! అక్క ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు బురద, నాట్లు, ట్రంకు పెట్టె అన్నీ కనపడ్డాయి. ఏడుపొచ్చేసింది. ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు, జన్మలో స్క్రూడ్రైవరు ముట్టను అనుకున్నాను.

అక్క మెల్లగా వెనక్కి తిరిగింది. పరదా వైపు చూసి, మైకు ముందే, నిబ్బరంగా, "అమ్మా, నువ్విక ఆగు. నాకొచ్చు" అంది.

నాలుగు హారన్లూ అదే మాట చెప్పాయి. అమ్మ ఆగింది. మా ఇంట్లో అమ్మని ఆగమన్న మొదటి మనిషి అక్క. తర్వాత ఇటు తిరిగి, మూడో చరణం నుంచి చివరిదాకా, ఎవరూ అందించకుండా, ఒక్క మాట తడబడకుండా పాడింది. ఆ మైనం మైకులో ఆ గొంతు ఎంత బాగుందంటే, హలో బాబాయి నా భుజం మీద చెయ్యేసి, తీయడం మర్చిపోయాడు.

పాట కాగానే అమ్మ పరుగెత్తుకెళ్లి, "తప్పయిపోయిందండి అమ్మగారు, నోరు ఊరుకోలేదండి, పిల్ల తప్పేం లేదండి" అని చేతులు పట్టుకుంది. టీచరమ్మగారు కళ్లద్దాల వెనక నుంచి అక్కనే చూస్తూ, "పాట బాగానే ఉందమ్మా. కానీ మా హాస్టలు పిల్లలు మహా గడుగ్గాయిలు. నాక్కావాల్సింది ఆ 'ఆగు' అన్న గొంతు. స్కూలు తెరవగానే వచ్చెయ్" అన్నారు. అక్క నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఆ వెంటనే నెత్తిన ఒకటి మొట్టింది కూడా.

తిరుగు ప్రయాణంలో చేబ్రోలు వెళ్లే పెళ్లివారితో బండి కిటకిటలాడుతోంది. తెనాలి దగ్గరపడుతుండగా అమ్మ, "ఒరేయ్, ఇవాళ నాకు పోటీగా అందించిందెవర్రా? పొగరుబోతుది గానీ, గొంతు మాత్రం... అట్లాంటి గొంతు నేనెప్పుడూ విన్లేదు" అంది. "నువ్వేనమ్మా" అన్నాను. "పోరా వెధవా, అమ్మతో పరాచికాలా!" అని కసిరింది. అక్క ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. పోనీ వినిపిద్దామని మర్నాడు హలో బాబాయి దగ్గరికి పరుగెత్తితే, మైకుని కాలుతున్న ఆంప్లిఫయరు మీద పెట్టి పడుకున్నాట్ట. మైనమంతా కారిపోయి, మైకు తన పాత రేకు డబ్బా గొంతుకి వచ్చేసింది. మళ్లీ ఎంత మూసినా ఆ పలుకు రాలేదు.

అక్క ఆ స్కూల్లోనే పాఠాలు చెప్పి చెప్పి మొన్నీమధ్య రిటైరైంది. నాకు తెనాలిలో చిన్న రికార్డింగు గది ఉంది. (స్క్రూడ్రైవరు ముట్టనని మొక్కుకున్న మొక్కు ఇంకా బాకీ.) అందులో అసలు సిసలు ఫారిన్ మైకు, ముఖమల్ పెట్టెతో సహా ఉంది. కిందటేడు అమ్మని తీసుకొచ్చి, దాని ముందు కూర్చోబెట్టి, అదే పాట అందించమన్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. ఇన్నాళ్లకి దొరికావు, ఇప్పుడెక్కడికి పోతావని నాలో నేను ముసిముసిగా నవ్వుకుంటున్నాను. అమ్మ కళ్లు మూసుకుని చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నాదేరా. ముసలి గొంతు, గరగరమంటోంది. ఆ రోజు బాపట్లలో అందించినావిడ వేరు. ఆవిడ ఎక్కడుందో ఏమో, పాపం. అనవసరంగా గద్దించాను" అంది.

నేను వైర్లు చుట్టుకుంటూ, "కనపడితే చెబుతాలే అమ్మా" అన్నాను.