రాణిగారి ముక్కు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నల్లటి వస్తువేదీ నల్లగా మిగిలేది కాదు. మా నాన్న హార్బర్‌లో ఓడలకి చిప్పింగ్ పని చేసేవాడు. అంటే ఓడ ఒంటికి పట్టిన తుప్పుని సుత్తితో కొట్టి రాల్చడం, వైరు బ్రష్‌తో గీకడం, పైన రంగు కొట్టడం. ఆ చేతి దురద డ్యూటీ దిగాక కూడా తీరేది కాదు. మా తలుపు గొళ్ళానికి ఎన్ని పూతలు పడ్డాయంటే, తీసి వేసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మా ఇల్లు. ఆ బొగ్గు పొగకి అన్నీ నల్లబడేవి, ఆయన అన్నీ గీకేవాడు. కాసేపు కదలకుండా కూర్చుంటే మనకీ ఒక పూత వేసేస్తాడని మా అమ్మ నవ్వేది.

ఆ రోజుల్లోనే మా చిన్నత్తకి, అంటే నాన్న చెల్లెలికి, భీమిలి సంబంధం కుదిరింది. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళు మా ఇంటికి వచ్చి ప్రధానం చేసుకోవాలి. తల్లి ప్రధానం నాడు పళ్ళెంలో పెట్టిన వెండి రూపాయినే కూతురి ప్రధానానికీ పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మా నాయనమ్మ చిన్నత్త చంటిపిల్లగా ఉన్నప్పుడే పోయింది. ఆవిడ ఫోటో అయినా లేదు. ఆవిడ రూపాయి మాత్రం మా తాతయ్య పెట్టెలో, ఆయన పోగుచేసుకున్న మరికొన్ని పాత వెండి రూపాయలతో కలిసి ఉండేది. అన్నిటిమీదా తెల్లదొరల కాలం నాటి రాణిగారి బొమ్మే, అన్నీ నల్లగానే.

శనివారం పొద్దున్న చిన్నత్త తల్లి రూపాయి తీయించి చూసింది. చూసి మూతి ముడిచింది. తల్లిది అన్న ఆశ ఒకపక్క, భీమిలి వాళ్ళు ఏమనుకుంటారో అన్న బెంగ ఇంకోపక్క.

"ఏటన్నియ్యా ఇది, పెనం మీద మాడిన అప్పచ్చిలాగుంది! అత్తోరు సూత్తే ఇనుప బిళ్ళ ఎట్టీసినారంటారు."

మా నాన్న కళ్ళు మెరిశాయి. వర్క్‌షాపు నుంచి తుప్పు వదిలించే యాసిడ్ ఒక సీసాడు అప్పుడే తెచ్చి పెట్టాడు. "నాకొగ్గీవే, అద్దంలాగ సేసిత్తాను. అందులో నీ మొకం సూసుకొని పౌడరు రాసుకుందువు."

తాతయ్య చుట్ట నోట్లోంచి తీయకుండానే వద్దన్నాడు. "ఓడ తుప్పూ ఇదీ ఒకటేనేటిరా? తుప్పు ఇనుముని తినేత్తాది. ఇది తినదు, కప్పుకొని కూకుంటాది." వెనకటికి ఒక ఓడ దొర పాత నాణేలు పోగుచేసేవాడట. తోమి మెరిపించిన నాణెం చూపిస్తే చేప కుళ్ళినట్టు ముఖం పక్కకి తిప్పుకునేవాడట. తాతయ్య అదీ చెప్పాడు. ఎవరు వింటారు? ఒకరికి మెరుపు కావాలి, ఇంకొకరికి గీకుడు కావాలి. అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరోపక్కా చేరి ఆయన చెవిలో జోరీగల్లా పోరు పెట్టారు.

చివరికి తాతయ్య ఆ రూపాయి పుచ్చుకుని లోపలికి వెళ్ళాడు. పెట్టె తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. ఒక గుడ్డముక్కలో చుట్టిన రూపాయిని తెచ్చి నాన్న చేతిలో పెట్టి, "మీ ఇట్టం. మళ్ళా నన్నడగొద్దు," అని అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు.

పెరట్లో పింగాణీ గిన్నెలో యాసిడ్ పోసి, నాన్న గుడ్డలోంచి తిన్నగా అందులోకి రూపాయి జారవిడిచాడు. ఘాటుకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా కదల్లేదు. పటకారుతో పైకి తీసేసరికి నలుపు పోయిన మాట నిజమే. మెరుపు మాత్రం రాలేదు. జ్వరం పడి లేచిన మనిషి ముఖంలా తెల్లగా పాలిపోయి ఉంది. అక్కడ ఆగినా సరిపోయేది. నాన్న చేతికి ఆగడం అలవాటు లేదు. కడిగాడు, వైరు బ్రష్ అందుకున్నాడు, ఆ తర్వాత గరుకు ఉప్పుకాగితం. ఓడ పక్కని రుద్దినట్టు రుద్దాడు.

కాసేపటికి రూపాయి మెరిసింది. మెరుపులో రాణిగారి జడ లేదు, కిరీటం లేదు, ముక్కు అసలే లేదు. ఇన్నాళ్ళూ ఆ గీతల్లో నిలిచిన నలుపే ఆవిడకి కాటుకై, రూపం కట్టిందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఇడ్లీ మీద గాట్లు పెట్టినట్టుంది.

చిన్నత్త దాన్ని అరచేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. బట్టలుతికే బండ మీద కూలబడిపోయింది.

"అమ్మదన్నియ్యా... అమ్మదొక్కటే ఉన్నాది కదన్నియ్యా..."

అంత పెద్ద మా నాన్న, బ్రష్‌ని చిన్నపిల్లాడిలా వీపు వెనక దాచుకున్నాడు.

తాతయ్య తీరిగ్గా లేచి వచ్చి, "మెరిసిందేటి?" అని అడిగాడు.

ఆయన మొలలో దోపుకున్న చుట్టల డబ్బా తీసి, మూత తెరిచి చిన్నత్త ఒళ్ళో బోర్లించాడు. రెండు చుట్టలు, ఒక నల్ల రూపాయి పడ్డాయి. జడతో, కిరీటంతో, ముక్కుతో సహా రాణిగారు.

"ఇదీ మీ అమ్మది. మీరు బుర్ర గొరిగింది నాది. నల్లగుంటే రాణులందరూ ఒక్కలాగే ఉంటారు, మీరు గుడ్డ ఇప్పి సూసినారు గనకనా!"

ఆ క్షణాన మా పెరట్లోకి గాలి తిరిగి వచ్చినట్టయింది. చిన్నత్త ఏడుస్తూనే నవ్వి, నవ్వుతూనే తాతయ్య భుజం మీద రెండు వేసింది. "సంపీసినావు నానా! ఇలాటి ఎటకారాలేటి నీకు?" నాన్న ఉన్నపళాన నేల మీద చతికిలబడి, తల పట్టుకుని కడుపుబ్బ నవ్వాడు. నేను ఎందుకో తెలియకుండానే గంతులేశాను. ఆ నవ్వులు విని పక్కింటి అక్క ప్రధానం ఇవాళేనేమో అనుకుని గోడ మీంచి తొంగి చూసింది.

నోటితో చెబితే ఎక్కలేదు కాబట్టి కంటితో చూపించానని తాతయ్య అన్నాడు. అందుకోసం తన రూపాయి ఒకటి పోయినా ఆయనకి చింత లేదు. నాయనమ్మ రూపాయిని నీళ్ళలో ముంచి తీసి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టాడు, అంతే. "మీ అమ్మ దీన్ని ముట్టుకుందంటే ఈ నలుపునే ముట్టుకుంది. దాన్నే గీకీసి ఇంకేటి దాసుకుంటావే?" అన్నాడు. చిన్నత్త ఆ నల్ల రూపాయిని చెంపకి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది.

మర్నాడు భీమిలి వాళ్ళు వచ్చారు. కాబోయే అత్తగారు పళ్ళెంలోకి తేరిపార చూసింది. మేమందరం ఆవిడ ముఖంలోకి చూశాం. ఆవిడ చూసింది తమలపాకుల్ని. లేతగా ఉన్నాయని మెచ్చుకుని, ఒకటి నోట్లో వేసుకుంది. రూపాయి వంక చూడనే లేదు.

నేను బడి మధ్యలోనే మానేశాను. తర్వాత కంచరపాలెం మెట్టు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుని బతికాను. కొత్తగా పనికి వచ్చినవాళ్ళు నన్ను మెప్పించాలని ముందుగా చేసే పని నా నల్లటి దోసె పెనాన్ని తెల్లగా తోమడం. ఆ రోజంతా దోసెలు అంటుకుపోయి రావు, ఉప్మా మాత్రమే వస్తుంది. వాళ్ళని నేను తిట్టేదాన్ని కాదు. ఇంటికి తీసుకెళ్ళి, ముక్కు లేని రాణిగారిని చూపించేదాన్ని.

ఆవిడ నా దగ్గరే ఉంది. పిల్లలు లేని చిన్నత్త తన నల్ల రూపాయిని కూడా నాకే ఇచ్చి వెళ్ళింది. రెండూ తాతయ్య చుట్టల డబ్బాలోనే ఉంటాయి. మొన్న మా మనవరాలు ఫోన్‌లో వీడియో చూసి, వెండిని క్షణంలో మెరిపించే మందట, సీసా తెప్పించి నా ముందు పెట్టింది. "మామ్మా, నీ జుట్టుకి రంగేసుకుంటన్నావు కదా, రాణిగారికెందుకొద్దు?" అంది. మాటకి మాట అప్పజెప్పడంలో అది నా మనవరాలే. "నా ముక్కు నాకుందే, అందుకని," అన్నాను. డబ్బా తెరిచి, ముక్కు లేని రాణిగారిని దాని అరచేతిలో పెట్టాను. చూసింది. కాసేపు బొటనవేలితో తడిమింది. తర్వాత నేను చెప్పకుండానే సీసాకి మూత బిగించింది.

ఇప్పటికీ పాతది ఏది చేతికి వచ్చినా, మనిషైనా వస్తువైనా, ముందు నా చేతిలో బ్రష్ ఉందేమో చూసుకుంటాను. ఉంటే కింద పెట్టేస్తాను. ఆ తర్వాతే గుడ్డ విప్పుతాను.