కోట గుమ్మంలో మా వదినగారు

మా వదినగారు పోయారు. గత నెలలో, తెనాలిలో, మా ఇంటి ముందు గదిలో, తెల్లవారుతుండగా పోయారు. ఆవిడ మావారికి అక్కగారు. పెళ్ళయింది మొదలు రేపల్లె విడిచి ఎక్కడా ఎక్కువ రోజులు ఉండని మనిషి, పోవడానికి మాత్రం పుట్టింటికి వచ్చారు. పలకరింపుకి వచ్చినవాళ్ళలో సగంమంది ఎలా పోయారని అడగలేదు. ఇక్కడెందుకు పోయారని అడిగారు. ఆడపడుచు పుట్టింట్లో పోకూడదన్న పట్టింపు మా వైపు ఉంది. దానికి తోడు నక్షత్రం మంచిది కాదని, మూడు నెలలు ఆ గది మూసి ఉంచమని పంతులుగారు చెప్పారు. మూసి ఉంచాం. ప్రస్తుతం అందరం పెరటి గుమ్మంలోంచే తిరుగుతున్నాం.

అడిగిన ఒక్కొక్కరికీ నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు. ఏ పనైనా ఒక వరసలో చేస్తే తప్ప నాకు తోచదు. అందుకే ఇది కూడా మొదటినుంచీ చెబుతాను.

రేపల్లెలో వదినగారి ఇల్లు బజారు వీధిలో ఉండేది. అన్నయ్యగారు ఒక రైసుమిల్లులో గుమస్తా. పిల్లలు లేరు. ఆ ఇంటికి వెడల్పాటి టేకు గడప ఒకటి ఉండేది, వదినగారి అత్తగారి కాలం నాటిది. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఆవిడ దాన్ని కడిగి పసుపు రాసేవారు. దానిమీద ఎవరూ కూర్చోకూడదు, నిలబడకూడదు. పాలు పోసే మనిషైనా, చుట్టమైనా ఒకటే మాట: "లోపలికన్నా రా, బయటన్నా ఉండు. మధ్యలో నిలబడి మాట్లాడమాక."

అన్నయ్యగారు పోయాక కూడా పసుపు మానలేదు. ఇరుగుపొరుగువాళ్ళు ఏదో అన్నారట. "పసుపు నాకు పోయింది గానీ ఇంటికి పోలేదుగా" అన్నారట ఈవిడ. ఆ రోజుల్లోనే ఆవిడకి ఇంకో అలవాటు వచ్చింది. బయటికి వెళ్ళి వచ్చినప్పుడు తాళం తీసే ముందు తలుపు ఒకసారి తట్టేవారు. నేను చూసి, "లోపల ఎవరున్నారని వదినగారూ?" అన్నాను. "ఎవరూ లేరని ఇంటికి తెలియడం ఎందుకమ్మాయ్" అన్నారు.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. పక్క గోడ మీద ఎర్రరంగు గీత పెట్టి వెళ్ళారు. ఆ గీతకి వీధి వైపున వసారా, ముందు గది. ఒక్క పూటలో రెండూ పోయాయి. మిగిలిన సగం ఇల్లు వీధిలోకి నోరు తెరుచుకుని ఉండిపోయింది. పొగచూరిన వంటింటి గోడ, దానికి కొట్టిన మేకులు, చిక్కం తగిలించే కొక్కెం, అన్నీ బజారున పోయేవాళ్ళకి కనిపించేవి. వదినగారు పెరట్లోంచి చుట్టూ తిరిగి ముందుకొచ్చేసరికి శిథిలాలతో పాటు గడపని కూడా ట్రాక్టరుకి ఎత్తేశారు. ఎటు తీసుకెళ్ళారో కూలీలకీ తెలియదు. మిగిలిన గోడలు కూడా బీటలు వారితే ఆ వెనక జాగా వచ్చిన ధరకి ఇచ్చేసి, పక్క సందులో ఒక వాటా అద్దెకి తీసుకున్నారు.

ఆ మధ్యలో కొన్నాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. పెట్టింది తినేవారు, అడిగితే జవాబు చెప్పేవారు, అంతే. మావారు చూడలేక, "ఎక్కడికైనా వెళ్దామక్కా. తిరుపతి వెళ్దామా?" అన్నారు.

"గుళ్ళొద్దురా తమ్ముడూ. నరసరావుపేట పోతుంటే బస్సులోంచి కొండమీద కోట కనపడుద్ది చూడు, అది చూపించు. మీ బావగారు ఎప్పుడూ 'ఒకసారి ఎక్కుదాం' అనేవాడు."

అలా కొండవీడు వెళ్ళాం. నేను ముందురోజే పులిహోర కలిపి, నీళ్ళ సీసాలు, పాత దుప్పటి, నొప్పుల మందు అన్నీ సర్ది పెట్టాను. గుంటూరులో బస్సు మారి, కొండ కింద దిగి, అక్కడి గుళ్ళో దణ్ణం పెట్టుకుని మెల్లగా ఎక్కాం. దారికి అటూ ఇటూ సీతాఫలం పొదలు. పైన విరిగిన బురుజులు, కప్పులేని మండపాలు, పచ్చబారిన చెరువులు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ గోడలు చూసి, లోయ చూసి, ఫోటోలు తీసుకుంటున్నారు. మావారు బోర్డు మీద ఉన్నది పైకి చదివి వినిపిస్తున్నారు. వదినగారు విన్నంతసేపు విని ఆపారు.

"రాజులు ఎంతమందైనా ఉండనీ. పొయ్యిలెక్కడ్రా? ఇంతమందికీ వంటెక్కడ చేశారు?"

"అది రాయలేదక్కా."

"ఎందుకు రాస్తారు, అన్నం కంచంలోకి దానంతటదే వచ్చిందనుకునేవాళ్ళు!" అన్నారు. ఇల్లు పోయాక ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

దిగేటప్పుడు కింది గుమ్మం దగ్గర ఆగాం. గోడలు లేవు. రెండు రాతి నిలువులు, వాటి మధ్య నేలలో సగం దిగబడిన రాతి గడప, అంతే మిగిలాయి. బాపట్ల నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ఆ గడప మీద వరసగా కూర్చుని బిస్కెట్లు తింటున్నారు.

"బాబూ, లేవండి నాయనా. గడప మీద కూర్చోకూడదు" అన్నారు వదినగారు.

ఒక కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, "ఇల్లేదండి మామ్మగారూ?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు.

"ఇల్లు పోతే గడప కాకుండా పోద్దా?"

"సరేనండి. మరి ఇప్పుడు నేను లోపలున్నానా, బయటున్నానా?"

"ముందు నువ్వు లే. తర్వాత చెప్తా."

వాళ్ళు నవ్వుకుంటూనే లేచారు. వదినగారు నా చేతిలో క్యారేజీ తీసుకుని మిగిలిన పులిహోర వాళ్ళకే పెట్టేశారు. వాళ్ళు వెళ్ళాక అక్కడ వంగి కూర్చుని, సీసాలో నీళ్ళు పోసి, కొంగుతో ఆ రాయి తుడవడం మొదలుపెట్టారు. కింది గుళ్ళో ఇచ్చిన పసుపు కుంకుమ పొట్లాలు నా సంచిలో ఉన్నాయి.

"ఆ పొట్లాలిలా ఇవ్వమ్మాయ్. నేను పసుపు రాస్తా, బొట్లు నువ్వు పెట్టు."

"అక్కా, ఎవరన్నా చూస్తే నవ్వుతారే" అన్నారు మావారు.

"నవ్వనీ. ఎన్నాళ్ళయిందో దీనికి పసుపు తగిలి."

ఆవిడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా పసుపు రాశారు. వెనకే నేను బొట్లు పెట్టుకుంటూ వెళ్ళాను. తిరుగు బస్సులో ఆవిడ పచ్చబారిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయారు. చాలా రోజుల తర్వాత ఆవిడ నిద్రపోవడం చూశాను.

మరుసటి ఏడు కడుపులో గడ్డ బయటపడింది. గుంటూరు డాక్టర్లు ఆపరేషన్ చేసే దశ దాటిందన్నారు. మందులు రాసిచ్చి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. సంగతి రేపల్లెలో వాటా అద్దెకిచ్చిన ఇంటావిడకి తెలిసింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆవిడ నన్ను పంపు దగ్గరికి పిలిచింది.

"తప్పుగా అనుకోకండి అక్కయ్యగారూ. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండి. రేపు ఏదన్నా అయ్యి, నక్షత్రం బాగోక ఇల్లు పాడుపెట్టమన్నారనుకోండి, పిల్లల్నేసుకుని మేమెక్కడికి పోవాలండి? మాకున్నది ఈ ఒక్క కొంపే."

"ఇప్పుడేగా డాక్టరు చూసింది. అప్పుడే ఏంటండి ఈ మాటలు?" అన్నాను.

"అప్పటికప్పుడు చెప్పలేం కదండి. అంతదాకా వస్తే ముందే తీసుకెళ్ళిపోండి. ఆసుపత్రిలో ఏదన్నా అయినా సరే, మా గుమ్మంలోకి మాత్రం తేవద్దండి."

వదినగారు కిటికీ అవతలే బియ్యం కడుగుతున్నారు. అన్నీ విన్నారు. నేను లోపలికి వచ్చేసరికి నా మొహం ఎలా ఉందో ఏమో, "ఆవిడ మంచిదేనమ్మాయ్. రోజూ మజ్జిగ పంపిద్ది. ఆవిడ భయం ఆవిడది" అన్నారు.

కానీ ఆ రోజు నుంచీ వదినగారికి అదొక్కటే దిగులు. చావంటే కాదు. చనిపోయాక తనని ఎక్కడ పడుకోబెడతారని. ఒకసారి మావారిని ఫోనులో అడిగారు, "ఏరా, ఆసుపత్రి నుంచి తిన్నగా శ్మశానానికి తీసుకెళ్ళొచ్చా? మధ్యలో కాసేపైనా ఏ ఇంట్లోనూ ఉంచరా?" అని. ఈయన ఫోను నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయారు. మా ఇంటికి వచ్చేయమని ఎన్నిసార్లు చెప్పినా ఒకటే మాట: "వద్దు. పుట్టిల్లు పాడుపెట్టించిన ఆడపడుచునని పేరొద్దు."

కాస్త ఓపిక ఉన్న రోజుల్లోనే, ఆ కోట ఇంకొక్కసారి చూపించమని అడిగారు. కింది గుమ్మం దాకానే అన్నారు. ఈసారి కారు మాట్లాడుకుని వెళ్ళాం. ఆగుతూ, కూర్చుంటూ, నా భుజం పట్టుకుని ఎక్కారు.

గుమ్మం దగ్గర జనం. ఏమిటా అని చూస్తే మా గడపే. పసుపు వేలెడు మందాన పేరుకుని ఉంది. రాతి నిలువులకి ఎర్రగుడ్డ, వేపమండలు, గుత్తులు గుత్తులుగా గాజులు. పక్కన ఒకామె గోనె పరుచుకుని కొబ్బరికాయలు అమ్ముతోంది.

"ఏ అమ్మవారమ్మా?" అన్నాను.

"గడపమ్మ తల్లండి. నిరుడు వెలిసిందండి."

"వెలిసిందని ఎట్టా తెలిసింది?"

"తెలిసేదేంటండి! అంతకుముందు ఉత్త రాయి. కట్టెలకొచ్చినోళ్ళు చూసేసరికి నిండా పసుపు కుంకాలతో మెరిసిపోతా ఉందంట. ఇళ్ళు లేనోళ్ళు మొక్కుకుంటే ఇల్లు అమరుద్దండి. కాయ తీసుకోండి."

మావారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగి, "అక్కా, నిజం చెప్పెయ్యనా?" అన్నారు మెల్లగా. వదినగారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని వద్దన్నట్టు తల ఊపారు. మా ముందు చంకలో బిడ్డతో ఒక అమ్మాయి ఉంది. వయసులో పెద్దావిడని, "మామ్మగారూ, ఎటునుంచి మొక్కాలండి?" అని వదినగారినే అడిగింది.

"ఇటు బయట నిలబడి మొక్కమ్మా. తొక్కకుండా దాటి లోపలికెళ్ళు. నీ ఇంట్లోకి నువ్వు వెళ్తున్నట్టే వెళ్ళు."

ఆ అమ్మాయి అలాగే చేసింది. అవతల ఉన్నవి తుప్పలూ రాళ్ళూనే. అయినా బిడ్డని సర్దుకుని, తల కొంచెం వంచి, కుడికాలు ముందుపెట్టి దాటింది. వదినగారు కళ్ళార్పకుండా చూశారు. తర్వాత తనూ ఒక కొబ్బరికాయ కొనిపించారు.

"మనం చేసిన అమ్మవారేగా అక్కా" అన్నారు మావారు.

"మనం చేశాం. ఇప్పుడు మన చేతిలో లేదుగా" అని కాయ ఆయనతోనే కొట్టించారు.

పక్కకి వచ్చి బండమీద కూర్చున్నాక నాతో అన్నారు, "ఊరూ పేరూ లేని రాయికి చోటు దొరికింది, చూశావా అమ్మాయ్. నాకే లేదు." నవ్వుతూనే అన్నారు. ఆయాసం వల్ల ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇంక రేపల్లె వద్దు వదినగారూ. ఇట్నుంచి ఇటే మనింటికి."

"నక్షత్రం?"

"ఎలా ఉంటే అలాగే. ముందు గది మూసి పెరట్లోంచి తిరుగుతాం. మనకి రెండు గుమ్మాలున్నాయి. సామానంతా వెనక గదిలో పడుతుంది. నేను చూసే చెబుతున్నా."

ఆవిడ నన్నూ, తమ్ముణ్ణీ మార్చి మార్చి చూశారు. మావారు తల ఊపి, మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అన్నీ ముందే ఆలోచించి పెడతావే" అన్నారు వదినగారు నాతో. నా భుజం పట్టుకుని లేస్తూ, "సరే పదండయితే" అన్నారు.

ముందు గదిలో వీధి కనిపించేలా మంచం వేశాం. పొద్దున్నే నేను గడపకి పసుపు రాస్తుంటే పడుకునే చూసి, "మూలలొదిలేశావ్" అనేవారు. పోనుపోను మాట తగ్గింది, నొప్పి ఎక్కువైంది. ఆఖరి రోజుల్లో ఒకసారి కళ్ళు తెరిచి, రేపల్లె ఇంటావిడ కూతురికి సంబంధం కుదిరిందా అని అడిగారు. కుదిరిందట, తాంబూలాలు కూడా అయ్యాయట అని చెప్పాను. "హమ్మయ్య" అన్నారు. నాకు గుర్తున్నంతలో ఆవిడ స్పష్టంగా అన్న చివరి మాట అదే.

పోయిన పొద్దున మావారు రేపల్లెకి ఫోను చేశారు. మొదటి రైలుకే ఇంటావిడ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పక్కన గోడకి ఆనుకుని, వచ్చేపోయేవాళ్ళకి దారి ఇస్తూ మధ్యాహ్నం దాకా అలాగే నిలబడింది. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు.

పాడె లేచింది. మగవాళ్ళు వెళ్ళిపోయారు. ఇల్లు కడగాలి. పనిమనిషి ఇంకా రాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వాకిట్లోనే ఆగిపోయారు. నేను బకెట్టు తెచ్చేసరికి ఇంటావిడ గేటు దాటి, మెట్లెక్కి లోపలికి వచ్చి, ఆ బకెట్టు నా చేతిలోంచి తీసుకుంది.

"మీరెందుకండీ, ఉండండి" అన్నాను.

"నన్ను చెయ్యనివ్వండమ్మా" అంది. నా మొహం చూడలేదు.

కొంగు నడుముకి దోపి, మంచం తీసిన చోట నీళ్ళు కుమ్మరించి, చీపురుతో మూలమూలలా తోసింది. నీళ్ళయిపోతే పంపు దగ్గరికి తనే వెళ్ళి నింపుకొచ్చింది. ఎన్నిసార్లు వెళ్ళిందో, ఎవరం అడ్డుపడలేదు. నీళ్ళు మెట్లమీదుగా వీధిలోకి దిగి, పాడె వెళ్ళిన వైపే కొంత దూరం పారి, చల్లిన పేలాల్ని తేల్చుకుంటూ వెళ్ళి దుమ్ములో ఇంకిపోయాయి.