సీదాకున్న చాకు

కోవిడ్ తరవాత ఆఫీసులు మళ్లీ నిండుతున్న రోజుల్లో నన్ను మాదాపూర్‌లోని ఒక ఐటీ క్యాంపస్‌కు మెయింటెనెన్స్ మేనేజర్‌గా వేశారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. మాది రాజమండ్రి వైపు. బేస్‌మెంట్ వర్క్‌షాపులో నెలకోసారి పనిముట్ల తనిఖీ నా బాధ్యత. ఎలక్ట్రీషియన్లు నిచ్చెన నుంచి చాకు దాకా తెచ్చి చూపించాలి. బాగుంటే పచ్చ చీటీ, లేకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ అయినా, రిజిస్టరులో చెడ్డ రాత అయినా ఒక మచ్చే. రెండు మచ్చలు పడితే మనిషి గేటు పాస్ రద్దు.

బోరబండ నుంచి వచ్చే యాదగిరి అనే ఎలక్ట్రీషియన్‌కు అప్పటికే ఒకటి పడింది. వేసింది నేనే. బేస్‌మెంట్‌లో గాలి ఫ్యాన్లు మూడు వరసగా ఉంటాయి. ఒకరోజు ఫోన్ చేసి "సీదా ఫ్యాను బంద్ పడ్డది మేడం" అన్నాడు. దిగి వెళ్లేసరికి ఎదురుగా ఉన్న ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఒళ్లు మండి, పక్కవాటి వంక చూడనైనా చూడకుండా, "తప్పుడు సమాచారం" అని రాసి పడేశాను.

ఆ నెల తనిఖీకి అతను కేబుల్ తొడుగు ఒలిచే మడత చాకు తెచ్చాడు. మూస్తే బ్లేడు పిడి రేకులు రెండింటి మధ్య నిలవకుండా ఒక పక్క ఒరుసుకుంటోంది. అలా ఒరుసుకుంటే అంచు మొద్దుబారుతుంది. మొద్దు చాకును గట్టిగా నొక్కితే జారి వేలు తెగుతుంది. ఎర్ర చీటీ కోసం పెన్ను తీశాను.

"జర ఆగున్రి మేడం. ఇదొక్కటి పడితే ఇగ నన్ను గేట్ల రానియ్యరు. ఇంటికాడ ఏం చెప్పాలె?" అన్నాడు.

సరే, సరిచేసి చూద్దామనుకున్నాను. బ్లేడు తిరిగే మరను కాస్త వదులు చేసి, బ్లేడును వేలితో మధ్యకు నెట్టి పట్టుకుని, కొంచెం కొంచెంగా మళ్లీ బిగించాలి. అదే పద్ధతి. నా కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది, సన్న సందు ఆనదు. అందుకని చాకు నేను పట్టుకుని, బల్లకు అవతల నిలబడ్డ యాదగిరిని సెల్ లైటు వేసి చూడమన్నాను.

"ఎలా ఉంది?"

"సీదాకున్నది మేడం."

హమ్మయ్య అనుకుని బిగించాను. మూస్తే మళ్లీ కర్రుమంది. వదులు చేసి, నెట్టి, మళ్లీ అడిగాను. "ఇంకా సీదాకే ఉన్నది" అన్నాడు. బిగిస్తే అదే చప్పుడు. నాలుగుసార్లు ఇదే తంతు. నాకు బుర్ర తిరిగిపోయింది. తిన్నగా ఉన్న బ్లేడు ఎలా ఒరుసుకుంటుంది? రేకు వంగిందా? మర అరిగిందా? లేక ఇతను నన్ను ఆట పట్టిస్తున్నాడా?

"సరిగ్గా చూసి చెప్పవయ్యా!" అని కసిరాను.

అతను బిక్కమొహం వేశాడు. "చెప్తనే ఉన్న గద మేడం, సీదా దిక్కున్నదని. మీరేమో గట్లనే బిగిస్తున్నరు."

"తిన్నగా ఉంటే బిగించక ఏం చేస్తారు?"

"తిన్నగ ఏడున్నది? సీదా చెయ్యి దిక్కున్నది" అంటూ కుడిచెయ్యి ఎత్తాడు. "గీ చెయ్యి. అన్నం తినేది."

నాకు సీదా అంటే తిన్నగా, అంతే. అతని బస్తీలో కుడి కూడా సీదాయే. కుడికి ఉందన్నాడు గనక ఎడమకు నెట్టాను. ఇంకా గట్టిగా ఒరుసుకుంది. ఖర్మ! ఎదురుగా నిలబడ్డవాడి కుడి నాకు ఎడమ కదా. తల పట్టుకున్నాను. చివరికి అతన్ని ఇవతలికి పిలిచి పక్కన కూచోబెట్టుకుని, మర పూర్తిగా విప్పించాను. బ్లేడుకు అటొకటి ఇటొకటి ఉండాల్సిన పల్చటి వాషర్లు రెండూ జిడ్డుకు అతుక్కుని ఒకే పక్క ఉన్నాయి.

"పోయిన వారం నేనే కడిగి బిగించిన" అని నాలుక కరుచుకున్నాడు.

చెరోవైపు వేసి బిగిస్తే బ్లేడు మధ్యకు వచ్చింది. పచ్చ చీటీ రాస్తుండగా పెన్ను ఆగిపోయింది.

"యాదగిరీ, ఆ రోజు ఆగింది ఏ ఫ్యానయ్యా?"

"సీదాది మేడం" అని మళ్లీ అదే చెయ్యి ఎత్తాడు. "మీరు చూసిపోయినంక నేనే బాగుచేసిన."

సిగ్గేసింది. రిజిస్టరు తెరిచి, "తప్పుడు సమాచారం" కొట్టేసి, పక్కన "పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా, ఎవరైనా ఎటువైపో చెబితే వేలితో చూపించమన్నాను. చూపించేదాకా రిజిస్టరులో ఏమీ రాయలేదు.