అచ్చులో లేని వాక్యం

పోయిన ఆదివారం ఆర్.ఎస్. పురం చర్చిలో మోర్మన్ గ్రంథం తరగతి చెబుతుంటే ఒకమ్మాయి ఆ గ్రంథం పాత ప్రతినీ ఫోన్‌లోని కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, "అంకుల్, రెండిట్లో మాటలు వేరేగా ఉండాయే, ఎందుకు?" అంది. జవాబు నాకు కంఠతా వచ్చు. మొదట ఆ గ్రంథాన్ని ఒకరు చెబుతుంటే మరొకరు రాశారు. అచ్చు కోసం దాన్ని చూసి మళ్లీ చేత్తో ఎత్తి రాశారు. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని మాటలు జారాయి. తర్వాతి కూర్పుల్లో దిద్దారు. తెలుగు అనువాదాన్నీ తిరగరాశారు. అంతా నిజమే. ఈ నిజాన్నే ఒకప్పుడు మా అత్త దగ్గర అబద్ధంగా వాడుకున్నాను.

అత్త మా నాన్న చెల్లెలు. పోదనూరులో ఉండేది. ఇంట్లో తెలుగే అయినా చదువు అరవంలో. తెలుగు అక్షరం రాదు. నేనే పెద్దయ్యాక ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మామ చనిపోయిన ఏడాది రోజూ సాయంత్రం ఆమెకు ఆ గ్రంథం చదివి వినిపించేవాణ్ని. నోరు తిరగని మాటల్ని మా ఇంటి మాటల్లోకి మార్చేసేవాణ్ని. ఒకరోజు ఆమె ఏడుపు చూడలేక, పుస్తకం మీంచి చూపు తీయకుండా, అందులో లేని వాక్యం చదివాను: "పోయినోళ్లకి మన గొంతు వినిపిస్తానే ఉంటుంది."

మర్నాటి నుంచి నాలుగింటికి అత్త వెనకవాకిట్లో రెండు లోటాల్లో కాఫీ పెట్టుకుని మామతో మాట్లాడేది. తిట్టేది కూడా. ఒక మాట అడిగి ఆగేది, విన్నట్టు తలూపేది. ఒకసారి నావైపు తిరిగి, "జుట్టు కత్తిరించుకోమంటా ఉండాడు మీ మామ" అంది. అయినా వాక్యం నాదని చెప్పలేదు. బోధించేవాడిగా చిన్నబోతానని భయం.

కొత్త కూర్పు వచ్చింది. దాన్ని తెచ్చిన సంఘం ఆవిడ తెలుగు బాగా చదవగలదు, పక్కనే కూర్చుంది. "ఆ మాట చదువు కన్నూ" అంది అత్త. ఆవిడ ముందు కల్పించే వీల్లేక, "దీంట్లో తీసేసినారత్తా" అని, ప్రతులూ తప్పులూ అంతా వివరించాను.

"బియ్యంలో రాళ్లేరే మాదిరి మీ మామని ఏరేసినారా?" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "అట్లయితే ఆయనకి ఎప్పట్నుంచి వినపడ్లేదు కన్నూ? ఇది అచ్చేసిన నాటినుంచా?"

మర్నాడు రెండు లోటాలూ ఉన్నాయి. అత్త పెదవి కదల్లేదు; తల మాత్రం ఊపుతోంది. "ఆయన మాట నాకు వస్తానే ఉండాది," అంది నన్ను చూసి. "నా మాటే ఆయనకి పోవడంలే. ఏమే, మాట్లాడవేమే అని ఒకటే అడగతా ఉండాడు."

అలా రెండేళ్లు కూర్చుని అత్త పోయింది. ఆ రెండేళ్లూ రోజూ నాలుగయింది. ఆ వాక్యం నాదేనని రోజూ రేపు చెబుదామనుకున్నాను. కాలం నాకు తక్కువేమీ ఇవ్వలేదు.