ముందే చెబుతున్నా బాబాయి

మా బాబాయికి ఒకటే జబ్బు. ఏ వస్తువు చేతికిచ్చినా, ఏ మనిషిని పరిచయం చేసినా ముందు లోపం చెప్పి తీరాలి, మంచి సంగతి తర్వాత. ఆ తర్వాత అన్నది చాలాసార్లు రాదు, ఎందుకంటే అప్పటికి ఎదుటివాళ్లు వెళ్లిపోయి ఉంటారు. "ముందే చెబుతున్నా" అని ఆయన గొంతు సవరించుకున్నాడంటే మా ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది.

ఇలాంటి మనిషి వేదాంతం చెప్పుకుని బతకాలి. ఆయన పెట్టుకున్నది పాత ఫర్నిచర్ దుకాణం. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, బాబాయి సరుకు బాబాయికే ముద్దు కాదు. కుర్చీలో కూర్చోబోయేవాళ్ల దగ్గరికి పరిగెత్తుకెళ్లి, వెనక్కి వాలితే కిర్రుమంటుందని, నిద్ర పలచనైనవాళ్లు ఇంట్లో ఉంటే కొనొద్దని చెబుతాడు. అద్దాల బీరువా చూపిస్తూ, ఇందులో మనిషి లావుగా కనబడతాడంటాడు. ఆయన అందులో చూసుకున్నది తననేనని, అద్దం తప్పేమీ లేదని పిన్ని మొత్తుకున్నా వినడు.

పెళ్లికి ముందు పిన్నిని కూర్చోబెట్టి తన లోపాలన్నీ ఏకరువు పెట్టాడట. "అన్నీ చెప్పారు. లోపాలు చెప్పడమే ఒక లోపమని మాత్రం చెప్పలేదు" అంటుంది పిన్ని.

నేనూ తప్పించుకోలేదు. ప్రింటింగ్ ప్రెస్సులో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు తోడుగా వచ్చి, ప్రెస్సు యజమానితో, "ముందే చెబుతున్నా, ఈ పిల్ల పొద్దున్నే లేవలేదు. అంకెల్లో సున్నాలు మింగేస్తుంది. గట్టిగా అరిస్తే ఏడుస్తుంది" అన్నాడు. భూమి చీలితే అందులోకి దూకేద్దామనుకున్నాను. యజమాని మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, అంకెలు వేరేవాళ్లకిచ్చి నాకు అక్షరాలు ఇచ్చాడు.

ఆ బాబాయి చేతిలో పోయినేడు ఒక కుక్కపిల్లని పెట్టారు.

కుక్కల ఆశ్రయంలో పనిచేసే డాక్టరమ్మ తీసుకొచ్చింది. ఎవరైనా పెంచుకోవడానికి దొరికేదాకా ఇంట్లో ఉంచుకోమంది. అప్పటికే రెండు ఇళ్లవాళ్లు తీసుకెళ్లి, రెండుసార్లూ వెనక్కిచ్చేశారట. పేరు పెట్టే హక్కు పెంచుకునేవాళ్లదని బాబాయి పట్టుబట్టాడు గానీ, పిన్ని ఊరుకోలేక తోకచుక్క అని పిలవడం మొదలుపెట్టింది. కనబడితే చాలు, ఎక్కడో ఏదో అయ్యే ఉంటుందని. అది టేబుళ్ల కాళ్లకున్న రబ్బరు తొడుగులు లాగేసేది. తెరిచిన సొరుగులో దూరి పడుకునేది. అద్దాల బీరువాలో ఇంకో కుక్క ఉందని నమ్మి, దానికి రోజూ ఒక చెప్పు తెచ్చి కానుకగా పెట్టేది. ఆ చెప్పుల కోసం మేమంతా బీరువా దగ్గరికే వెళ్లేవాళ్లం.

ఒక్కటే చిక్కు. కుక్క వెంట్రుకలు పిన్నికి పడవు. మాటకొక తుమ్ముతో నెల గడిచింది. ఇలాగే ఉంటే ఉబ్బసంలోకి దిగుతుందని వైద్యుడు హెచ్చరించాడు. త్వరగా ఎవరూ దొరక్కపోతే తోకచుక్క మళ్లీ ఆశ్రయంలో బోను పాలు కావాలి.

మనుషులైతే వచ్చారు. రాగానే అది వెల్లకిలా పడి పొట్ట చూపించేది, వాళ్లు కరిగిపోయేవాళ్లు. అప్పుడు బాబాయి గొంతు సవరించుకునేవాడు. మల్లెపువ్వుల్లాంటి బట్టలతో వచ్చిన భార్యాభర్తలతో, "ముందే చెబుతున్నా, ఇది చెప్పులు తినదు, నములుతుంది. తింటే పీడా పోతుంది. నమిలినవాటిని మీరే మళ్లీ తొడుక్కోవాలి" అన్నాడు. వాళ్లు ఇద్దరూ ఒకేసారి తమ పాదాల వైపు చూసుకుని, ఆలోచించి చెబుతామని వెళ్లిపోయారు. ఇంకొకాయనకి పరుపు మీద తడి సంగతి చెప్పాడు. మరొకావిడకి, వర్షంలో తడిసినప్పటి వాసన ఎలా ఉంటుందో వర్ణించి మరీ చెప్పాడు.

డాక్టరమ్మ ఫోన్ చేసి, బాబాయిగారూ, ఒక్క మంచిమాటైనా చెప్పండి అని బతిమాలింది. పిన్ని తుమ్ముతూనే దండం పెట్టింది. నాకు ఒళ్లు మండి, అది కిర్రుకుర్చీ కాదు బాబాయ్ అని గట్టిగానే అన్నాను.

బాబాయి బయటికి నడిచాడు. సరుకులు మోసే తన ఆటో తలుపు తీశాడు. తోకచుక్క ఎగిరి ఎక్కి, డ్రైవరులా ముందు సీట్లో కూర్చుంది. వీధి చుట్టూ తిప్పి, మళ్లీ దుకాణం ముందే ఆపి తలుపు తీశాడు. అంత గంతులేసే పిల్ల సీటు కిందకి దూరి, తోక ముడుచుకుని వణికిపోయింది.

"ఎక్కడానికి దీనికి భయం లేదు. దిగడానికే" అన్నాడు. "రెండుసార్లు బండిలో తెచ్చి దింపేసి వెళ్లిపోయారు. వాళ్లకి బంగారమని చెప్పి ఇచ్చారట. బంగారమనుకుని తీసుకెళ్లినవాళ్లు చెప్పు నమిలితే ఊరుకుంటారా? అన్నీ విని కూడా కావాలన్నవాళ్లు వెనక్కి తేరు."

అప్పుడు నాకు ప్రెస్సు గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో అక్కడ నా మీద ఎవరూ అరవలేదు, ఆలస్యమైతే నవ్వేవాళ్లు. నా విషయంలో ఎవరూ ఆశాభంగం చెందలేదు, అదంతా బాబాయి చలవే. ఆయనకి రుణపడి ఉన్నానని ఆ ఆటో పక్కన నిలబడి తెలుసుకున్నాను. చెబుదామనుకునేలోపు ఆయన సీటు కిందకి దూరి కుక్కతో మాట్లాడుతున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు బేకరీ వ్యాన్ నడిపే ఆవిడ టేబులు కొనడానికి వచ్చింది. ఆవిడ టేబులు ఊగే సంగతి వింటూ ఉండగా తోకచుక్క వచ్చి ఆవిడ బూటు తాడు పట్టుకుంది. ఇదెవరిదని అడిగింది. ఇంకేం, బాబాయి మొదలుపెట్టాడు. చెప్పులు, తడి, వాసన, చివరికి బండి దిగదన్న సంగతి, అన్నీ చెప్పాడు. ఆవిడ ఊగే టేబులు మీద చెయ్యి ఆనించి, తనూ దానితో పాటు ఊగుతూ ఓపిగ్గా విన్నది.

"అయిపోయాయా? మరి నావీ చెప్పాలిగా" అంది. "తెల్లారకముందే లేస్తాను. రోజంతా వ్యాన్లో నాతో తిరగాలి. నాలో నేనే మాట్లాడుకుంటాను. పాడతాను, శ్రుతి ఉండదు. ఇవన్నీ దానికి ముందే చెప్పండి."

బాబాయి నిజంగానే గొంతుక్కూర్చుని, దాని చెవి దగ్గర గొంతు సవరించుకుని, ఒక్కటీ వదలకుండా అన్నీ చెప్పాడు. అది మాత్రం తాడు వదల్లేదు.

వ్యాన్ వెనకే మేమూ ఆటోలో వెళ్లాం. అనుకున్నట్టే ఆవిడ ఇంటి ముందు అది దిగలేదు. బాబాయి పరిగెత్తబోతే ఆవిడ చేత్తో ఆగమంది. తలుపు తీసి ఉంచి, ఖాళీ బ్రెడ్డు ట్రేల మధ్య తనూ చతికిలబడి పాట అందుకుంది. శ్రుతి సంగతి ఆవిడ తగ్గించే చెప్పింది. చాలాసేపటికి ఒక ముక్కు, తర్వాత రెండు కాళ్లు బయటికొచ్చాయి. తోకచుక్క తనంతట తనే దిగి, గుమ్మం వాసన చూసి లోపలికి నడిచింది.

"పాట భరించలేక దిగింది" అన్నాడు బాబాయి. అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా ఆవిడ ఫోన్ చేసింది. బాబాయి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఒక లోపం దాచారు. ఇది గురక పెడుతుంది" అంది ఆవిడ.

"వెనక్కి తెస్తారా అమ్మా?"

"ఎందుకు తెస్తాను? నా దిండు మీదే పడుకుంది. మీరు మరిచారని చెబుదామని చేశాను, అంతే."

బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"దాచలేదమ్మా. మా ఆవిడ గురకలో దానిది వినపడలేదు."

తుమ్ములు తగ్గాక పిన్ని చెవులు బాగా పనిచేస్తున్నాయి. గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, ఇన్నేళ్లయింది. ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"